మెట్లు లోపలా, బయటా? ఇల్లు కట్టే ముందు మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న

  ఈరోజు స్టూడియోలో లేను, మిర్యాలగూడలో మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాను. నా వెనకాల మెట్లు కనిపిస్తున్నాయి కదా? గ్లాస్ రెయిలింగ్, కింద లైట్లు. పోయిన వీడియో కింద చాలామంది అడిగారు, "బ్రో, ఆ మెట్లు సూపర్, ఎవరు డిజైన్ చేశారు?" అని. నేనే చేశాను. ఆ మెట్ల వల్ల మా నాన్నకి నెలకి 8 వేలు పోతున్నాయి, మూడేళ్ళ నుంచి. లెక్క వేసుకోండి, 2 లక్షల 88 వేలు.

ఎలా పోతున్నాయో చెప్తాను. దానికంటే ముందు, ఈ ఎపిసోడ్ టాపిక్ కాన్సెప్ట్ డిజైన్. అంటే బిల్డింగ్ ప్రాజెక్టులో అన్నిటికంటే ముందుండే దశ. ప్లాన్ కంటే ముందు, 3డి ఎలివేషన్ కంటే చాలా ముందు. మనవాళ్ళు దాదాపు అందరూ ఎగ్గొట్టే దశ. మేమూ ఎగ్గొట్టాం.

2021. లాక్‌డౌన్లు, వర్క్ ఫ్రమ్ హోమ్. నాకు 24 ఏళ్ళు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటింది, నాకంటే తెలివైనోడు లేడనే ఫీలింగ్ పీక్స్‌లో ఉంది. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. 31 ఏళ్ళు చేశాడు. పెన్షన్ ఏమీ లేదు. దాచుకున్న డబ్బులు, అమ్మ పేరు మీద 200 గజాల ప్లాటు, నా మీద బ్యాంకు లోను, ఇదీ మా క్యాపిటల్. ఇల్లు కడదాం అనుకున్న రోజు రాత్రే నేను ఫోన్‌లో బొమ్మలు వెతకడం మొదలుపెట్టాను. ఒక ఫొటో నచ్చింది. ఎత్తైన హాలు, మధ్యలోంచి పైకి వెళ్ళే మెట్లు. సినిమాల్లో హీరోయిన్ దిగుతుంది చూడండి, అలాంటివి.

ఆన్‌లైన్‌లో ఒకతన్ని పట్టుకుంటే 3 వేలకి 3డి ఎలివేషన్ చేసిచ్చాడు. ఇంటి ముందు కారు కూడా పెట్టాడు. మాకు కారు లేదు. ఆ బొమ్మ వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపాం. అందరూ దండాలు, హార్టులు. ఇంకేముంది, డిజైన్ అయిపోయింది అనుకున్నాం. శ్రావణమాసంలో ముహూర్తం పెట్టించాం. బొమ్మ వచ్చిన రోజు నుంచి శంకుస్థాపనకి సరిగ్గా 11 రోజులు.

ఆ 11 రోజుల్లో మా నాన్నని నేను ఒక్క ప్రశ్న అడగలేదు: "నాన్నా, పై పోర్షన్ ఏం చేద్దామనుకుంటున్నావ్?"

ఆయన మనసులో ఉన్నది అద్దె. కింద మేం ఉండాలి, పైన ఎవరికైనా ఇవ్వాలి, ఆ డబ్బు నెలనెలా ఇంటి ఖర్చుకి రావాలి, కొడుకుని అడిగే అవసరం రాకూడదు. అదే ఆయన పెన్షన్. కానీ మెట్లు హాల్లో ఉన్నాయి. పైకి అద్దెకొచ్చినవాళ్ళు మా టీవీ ముందు నుంచి, మా సోఫా పక్క నుంచి వెళ్ళాలి. రాత్రి పదింటికి వాళ్ళ చుట్టాలొస్తే అమ్మ లేచి తలుపు తీయాలి. ఎవరిస్తారు? ఎవరొస్తారు?

గృహప్రవేశం అయిన ఆరు నెలలకి ఈ మాట బయటపడింది. "మరి ముందే చెప్పొచ్చుగా నాన్నా" అంటే, "నువ్వంత ఇష్టపడి గీయిస్తివి, నేనేం అంటరా" అన్నాడు. అమ్మని అడిగితే, "మీరిద్దరు మురిసిపోతుంటే నడిమిట్ల నేనేం అడ్డం మాట్లాడుత" అంది.

సరే, బయట మెట్లు కట్టిద్దాం అనుకుని మేస్త్రీని పిలిచాం. పక్కన వదిలింది 3 అడుగులే, అక్కడ మెట్లు పట్టవు, పట్టినా ఆ ఖాళీలో కట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. ముందు కట్టాలంటే కొత్త పునాది, కొత్త పిల్లర్లు, సన్‌షేడ్ పగలగొట్టాలి, పైన కిటికీ తీసేసి తలుపు పెట్టాలి. 4 లక్షల పైనే చెప్పాడు. హాల్లో మెట్లు ఎటూ అలాగే ఉంటాయి. ఇంకో విషయం, ఆ ఎత్తైన హాలుకి స్లాబ్ లేకుండా వదిలిన చోటు 168 చదరపు అడుగులు. ఒక బెడ్‌రూమ్ అంత. అక్కడ మేం పెంచుతున్నది సాలీడు గూళ్ళు. బూజు కర్ర కూడా అందదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆర్కిటెక్టులు ఇంటిపనిని దశలుగా విడగొడతారు. బ్రిటన్‌లో ఆర్ఐబీఏ అనే సంస్థ ఉంది, వాళ్ళ ప్లాన్ ఆఫ్ వర్క్‌లో 0 నుంచి 7 వరకు దశలుంటాయి. 0, 1 దశల్లో అసలు ఏం కావాలి, ఎందుకు కావాలి, డబ్బు ఎంత ఉంది అనేవి తేల్చుకుంటారు. 2వ దశ కాన్సెప్ట్ డిజైన్. సైట్‌లో పని మొదలయ్యేది 5వ దశలో. మన దేశంలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ చెప్పే పని క్రమం కూడా ఇలాంటిదే: క్లయింట్ అవసరాలు తెలుసుకోవడం, స్థలం చూడడం, కాన్సెప్ట్ గీయడం, దానికో రఫ్ ఎస్టిమేట్ ఇవ్వడం. తర్వాతే మిగతావి. మేం చేసింది ఏంటంటే 0, 1, 2, 3, 4 అన్నీ దూకి డైరెక్ట్‌గా 5లో దిగాం. చేతిలో ఉన్నది కారు బొమ్మ.

ఐటీలో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. రిక్వైర్‌మెంట్స్ అప్పుడు దొరికిన తప్పు ఒక మెయిల్‌తో సరిపోతుంది. అదే తప్పు ప్రొడక్షన్‌లో దొరికితే శనివారం రాత్రి అందరూ కాల్‌లో ఉంటారు. బిల్డింగుల్లో దీన్ని గ్రాఫ్ గీసి చూపించినాయన ప్యాట్రిక్ మెక్‌లీమీ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్. ప్రాజెక్టు ముందుకెళ్ళేకొద్దీ మార్చగలిగే వీలు తగ్గుతూ వస్తుంది, మార్పుకయ్యే ఖర్చు పెరుగుతూ పోతుంది. రెండు గీతలు కత్తెరలా దాటుకుంటాయి. నా ఉద్యోగంలో ఇలాంటి గ్రాఫులు నేనే స్లైడ్లలో పెట్టేవాణ్ణి. సొంతింటికొచ్చేసరికి గుర్తుకు రాలేదు చూడండి, అదీ కామెడీ.

"అన్నా, నువ్వు చిన్నోడివి, పెద్దపెద్దోళ్ళు ఇలా చేయరు" అనుకుంటున్నారా? సిడ్నీ ఒపేరా హౌస్ తెలుసు కదా, సముద్రం ఒడ్డున తెల్లటి తెరచాపల్లా ఉంటుంది, మన సినిమా పాటల్లో కూడా చూసుంటారు. దాని కథ వినండి.

1957 జనవరిలో దాని డిజైన్ పోటీ ఫలితం వచ్చింది. 233 ఎంట్రీలు. గెలిచింది డెన్మార్క్‌కి చెందిన యోర్న్ ఉట్జన్, వయసు 38. ఆయన పంపినవి ఎక్కువగా స్కెచ్‌లే. అద్భుతమైన కాన్సెప్ట్, అందులో డౌట్ లేదు. కానీ ఆ తెరచాపల్లాంటి పైకప్పుని ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలీదు. వాటి వంపు ఏ లెక్క ప్రకారం ఉండాలో కూడా తేలలేదు. కాన్సెప్ట్‌కి ఇంకా టైమ్ కావాలి.

అక్కడ కూడా ముహూర్తం ప్రెజర్ ఉంది. ఆ రాష్ట్ర ప్రీమియర్ జో కేహిల్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. ఆలస్యమైతే జనం మనసు మారుతుందని, డబ్బు ఆగిపోతుందని ప్రభుత్వానికి భయం. ఉట్జన్ డ్రాయింగులు పూర్తి కాలేదు అంటున్నా వినకుండా 1959 మార్చిలో పని మొదలుపెట్టించారు. కేహిల్ అదే ఏడాది చనిపోయాడు. పైకప్పు బరువెంతో తేలకుండానే కింద భారీ అరుగు, దాని స్తంభాలు కట్టేశారు. ఆ తర్వాత పైకప్పు తేలింది. ఒక్కో తెరచాప ఒకే గోళం ఉపరితలంలోంచి కోసిన ముక్క అయితే కట్టొచ్చు అన్న పరిష్కారం 1961లో దొరికింది. కానీ అప్పటికే కట్టిన స్తంభాలు ఆ బరువు మోయలేవు. మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

1963 జనవరికి పూర్తవ్వాల్సింది 1973లో పూర్తయ్యింది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్నది 10 కోట్ల 20 లక్షలకి చేరింది. ఎక్కువ డబ్బు లాటరీ టికెట్లు అమ్మి తెచ్చారు. ఉట్జన్ 1966లో కొత్త ప్రభుత్వంతో గొడవపడి వెళ్ళిపోయాడు. 2008లో చనిపోయాడు, పూర్తయిన బిల్డింగ్‌ని ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు.

చివరికి ప్రపంచ వారసత్వ కట్టడం అయ్యింది కదా అంటారు. అయ్యింది. వాళ్ళకి లాటరీ ఉంది. మా నాన్నకి లేదు.

ఇప్పుడు రెండో కథ. మా అక్కా బావా సూర్యాపేటలో ఇల్లు కట్టుకుంటున్నారు. అదీ 200 గజాలే, తూర్పు ముఖం, 30 బై 60. బావకి ఫొటో స్టూడియో. బావ వాళ్ళమ్మ, మేమంతా అత్తమ్మ అంటాం, వాకర్ పట్టుకుని నడుస్తుంది. బావ అప్పుడే నాకు నాలుగు ఎలివేషన్లు ఫార్వర్డ్ చేశాడు, "ఏది బాగుంది బావా" అని. నాకు గుండె ఆగినంత పనైంది. బస్సెక్కి వెళ్ళి, "బావా, ఒక్క నెల ఆగు, ఈసారి సరిగ్గా చేద్దాం" అన్నాను. బావ మంచోడు కాబట్టి ఆగాడు.

ఒక ఆర్కిటెక్ట్ మేడమ్‌ని కలిశాం. ఆమె మొదటిరోజు వచ్చి గంటన్నర కూర్చుంది. ఒక్క గీత గీయలేదు. అక్కకి అనుమానం వచ్చింది, ఈమెకి ఫీజు దేనికి అని. ఆమె అడిగినవి ఇలాంటివి: పొద్దున మీ ఇంట్లో ముందు ఎవరు లేస్తారు? లేచి ఎటు వెళ్తారు? పండక్కి ఎంతమంది వస్తారు, ఎక్కడ పడుకుంటారు? అత్తమ్మ రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తారు? పైన అద్దెకిస్తారా? ఎప్పుడు కడతారు, ఇప్పుడా, అయిదేళ్ళకా? పిల్లలు వెళ్ళిపోయాక ఈ గదులన్నీ ఎవరికి?

పైన అద్దెకిస్తారా అని ఆమె అడిగినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తర్వాత ప్లాటు చూడడానికి రెండుసార్లు వెళ్ళింది, ఒకసారి పొద్దున, ఇంకోసారి సాయంత్రం నాలుగింటికి. దక్షిణం పక్క రెండంతస్తుల ఇల్లుంది, నీడ వస్తుంది. పడమర ఖాళీ ప్లాటు, అటు నుంచి ఎండ నేరుగా కొడుతుంది. సూర్యాపేట మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు. పడమటి గోడ సాయంత్రం దాకా కాగి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. కాబట్టి అటువైపు బాత్రూములు, స్టోర్, వార్డ్‌రోబ్‌లు పెడితే అవే ఎండకి అడ్డం నిలుస్తాయి. అలాగని పడమర ఇప్పుడు ఖాళీగా ఉందని గాలంతా అటు నుంచే వస్తుందనుకోవద్దు, రేపు అక్కడ ఎవరైనా గోడ లేపుతారు అంది. ఇంకో మాట నాకు బాగా నచ్చింది. వీధిలో ఇప్పుడున్నది మట్టిరోడ్డు. సీసీ రోడ్డు పడితే ఎత్తు పెరుగుతుంది, దాని మీద ఇంకో లేయర్ పడితే ఇంకా పెరుగుతుంది. అరుగు ఎత్తు ఈరోజు రోడ్డుని చూసి పెట్టుకుంటే పదేళ్ళకి వాననీళ్ళు ఇంట్లోకి వస్తాయి. మా వీధిలోనే రెండిళ్ళు అలా ఉన్నాయి, గుమ్మానికి అడ్డంగా ఇటుకలు కట్టుకున్నారు.

తర్వాత లెక్క. 30 బై 60 అంటే 1800 చదరపు అడుగులు. ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా 3 అడుగుల చొప్పున వదిలారనుకోండి, మీ ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు బట్టి ఇది మారుతుంది, చూసుకోండి. మిగిలేది 24 బై 52, అంటే 1248. అంటే 552 అడుగులు అక్కడే పోయాయి. చదరపు అడుగుకి 2000 అనుకుంటే, ఇది లెక్క కోసమే, మీ ఊరి రేటు వేసుకోండి, కింది అంతస్తుకే దాదాపు 25 లక్షలు. బావ మొహం మారిపోయింది. ఆయన చూసిన ఎలివేషన్లన్నీ మూడంతస్తులవి. ఇంకా ఒక్క ఇటుక కూడా కొనలేదు కాబట్టి మొహం మారడంతోనే సరిపోయింది.

అప్పుడు మేడమ్ పెన్సిల్ తీసింది. అయినా ప్లాన్ గీయలేదు, గుండ్రాలు గీసింది. బబుల్ డయాగ్రమ్ అంటారు. ఒక్కో గదికి ఒక గుండ్రం, వాడకాన్ని బట్టి చిన్నా పెద్దా. దేనికి ఏది దగ్గరుండాలో గీతలు. అత్తమ్మ గదికీ బాత్రూమ్‌కీ మధ్య మందం గీత. వంటింటికీ గేటుకీ మధ్య ఒక గీత, ఎందుకంటే అక్కకి వంట చేస్తూ గేటు కనపడాలి, పాలవాడొచ్చినా పిల్లలొచ్చినా చూడాలి. స్టూడియో సామానుకి వేరే దారి. ఇలాంటి కాగితం మీద గోడ మందం, స్టీలు, టైల్స్ ఏవీ ఉండవు. ఉండకూడదు కూడా, ఉంటే అందరూ టైల్స్ గురించే మాట్లాడతారు. మా ఇంట్లో జరిగింది అదే, హాలు ఎలా ఉంటుందో చూసి మెట్లు ఎవరికోసమో మర్చిపోయాం.

అసలు గొడవ మెట్ల దగ్గరే మొదలైంది. బయటి నుంచి మెట్లు కావాలి. 10 అడుగుల ఎత్తుకి 6 అంగుళాల మెట్టయితే 20 మెట్లు, మధ్యలో మలుపుతో కలిపి సుమారు 7 బై 13 అడుగుల చోటు. అంటే 90 అడుగుల దాకా హాల్లోంచో బెడ్‌రూమ్‌లోంచో ఇవ్వాలి. ఎక్కడ పెట్టాలి? వీధిలోంచి నేరుగా ఎక్కాలంటే ముందు వైపు పెట్టాలి. ఈశాన్యంలో వద్దని పంతులుగారు, సరే, ఆగ్నేయం. కానీ ఆగ్నేయంలో వంటిల్లు కదా! మెట్లు అక్కడికొస్తే వంటిల్లు వాయవ్యానికి పోవాలి. వాస్తు ప్రకారం ఓకే అన్నారు. కానీ వాయవ్యం అంటే ఇంటి వెనక మూల, గేటు ఎక్కడ కనిపిస్తుంది?

వాస్తు నమ్ముతారా లేదా అనేది మీ ఇష్టం, నేను ఆ డిబేట్‌లోకి పోను. కానీ ఇంట్లో ఒక్కరు నమ్మినా పంతులుగారిని ఈ దశలోనే కూర్చోబెట్టండి. గుండ్రం జరపడానికి రబ్బరు చాలు. మా ఇంటికి ఆయన్ని పిల్లర్లు లేచాక పిలిచాం, పోసిన సంపు పూడ్చి ఇంకోచోట తవ్వించాం.

మేడమ్ మూడు ఆప్షన్లు ఇచ్చింది. మొదటిది, మెట్లు ఆగ్నేయంలో, వంటిల్లు వెనక. రెండోది, వంటిల్లు ముందు, మెట్లు వెనక నైరుతి వైపు, కానీ అద్దెవాళ్ళు ఇంటి పక్క 3 అడుగుల సందులోంచి నడవాలి, బండి పట్టదు. మూడోది, మెట్లు ముందే, వాటి పక్కనే వంటిల్లు ఇరుకుగా, హాలు చిన్నది. మూడింటికీ రఫ్ ఎస్టిమేట్ కూడా ఇచ్చింది. ఏదీ పర్ఫెక్ట్ కాదు. అక్క రెండోది అంటుంది. బావ మొదటిది. అత్తమ్మ ఏమీ అనలేదు, అప్పుడు మేడమ్ ఆమె పక్కన కూర్చుని, "మీరు పగలంతా ఎక్కడ కూర్చుంటారమ్మా?" అని అడిగింది. అత్తమ్మ, "గేటు కాడ. వచ్చెటోళ్ళు పోయెటోళ్ళు కనవడాలె. లోపల కూసుంటే నాకు పొద్దు పోదు" అంది. మూడు ఆప్షన్లలోనూ ఆమె కూర్చునే అరుగు లేదు. మూడూ వెనక్కి తీసుకెళ్ళింది.

మా అక్క వాళ్ళ దగ్గర మొన్నటి దాకా నెల లేటు. ఇప్పుడు నెలా పది రోజులు. బావ అప్పుడప్పుడు నన్ను అదోలా చూస్తున్నాడు. తెలంగాణలో ఇప్పుడు 200 గజాల ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద ఆన్‌లైన్‌లో త్వరగానే పర్మిషన్ వస్తుంది కదా, అందుకని అందరూ "ఇంకా మొదలుపెట్టలేదా" అని అడుగుతున్నారంట. నిజమే, పర్మిషన్‌కి అంత టైమ్ పట్టదు.

వచ్చే ఆదివారం ఏం చేస్తున్నామంటే, కొత్త ఆప్షన్‌ని ప్లాటు మీద ముగ్గుతో అసలు సైజులో గీస్తున్నాం. మామూలుగా పునాది తవ్వే రోజు ముగ్గు పోస్తారు, మేం ఇంకా డిసైడ్ కాకముందే పోస్తున్నాం. తలుపులున్న చోట ఇటుకలు పెడతాం. అత్తమ్మని కారులో తీసుకొచ్చి, గది నుంచి బాత్రూమ్ దాకా వాకర్‌తో నడవమని చెప్తాం. తలుపు 3 అడుగులు సరిపోతుందా, రేపు వీల్‌చైర్ వస్తే తిరగడానికి లోపల 5 అడుగుల చోటు ఉందా, అక్కడే తెలుస్తుంది. అరుగు ఉండాల్సిన చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తున్నాం.

మా నాన్న కూడా వస్తానన్నాడు. మిల్లులో వాడిన పాత టేపు తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు అప్పుడే. "మెట్లు నేను కొలుస్తా" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆ ముగ్గు వీడియో షూట్ చేసి పెడతాను, బావ ఒప్పుకుంటే. మీ ఇంట్లో ఇల్లు కట్టే ప్లాన్ ఉంటే, ఎలివేషన్ బొమ్మ కాదు, ఇంట్లో ఎవరు పగలంతా ఎక్కడ కూర్చుంటారో కామెంట్‌లో రాయండి, నేను నిజంగానే చదువుతాను. ఉంటాను మరి, నాన్న పిలుస్తున్నాడు, హాల్లో మెట్ల కింద లైటు పోయిందంట.